క్యోటో నగరమున ఏడు దినములు

జపానుదేశపు పటమును విప్పి, ఆ దేశపు దీవులన్నింటిలో పెద్దదియగు హోన్షూను పరికించినచో, దాని నడిమి భాగమున బీవా అను పెద్ద సరస్సు కనబడును. ఆ సరస్సునకు నైరుతి దిక్కున, ఒక కొండల వరుసకు ఆవల నున్న నగరమే క్యోటో. ఆ పేరునకు రాజధానీ నగరమని అర్థము. క్రీ. శ. 794లో కమ్ము చక్రవర్తి తన కొలువును ఇచ్చటికి తరలించెను. 1869లో మెయిజీ చక్రవర్తి టోక్యోకు వెడలిపోవు వరకు, వేయేండ్లకు పైగా, ఆ దేశపు చక్రవర్తుల నివాసము ఇదియే. నేడిది రాజధాని కాదు. పదునాలుగు లక్షల జనులు నివసించు నగరము. విద్యాలయములకు, పట్టునేతకు, పరిశ్రమలకు పేరుగన్నది. భూమి వేడెక్కుటను అరికట్టుటకై 1997 డిసెంబరులో పలు దేశములు చేసికొన్న ఒడంబడిక ఇచ్చట కుదిరినందున, జపానును ఎన్నడును చూడని విద్యార్థులకు కూడ ఈ నగరము పేరు పరిచితమైనది.

ఇట్టి నగరమును మొదటిసారి చూడబోవు వానికి ఒక వారము గడువు కలదని తలంపుడు. ఏడు దినములు చాలునా? క్యోటోలో బౌద్ధాలయములు సుమారు 1,600, షింటో మతమువారి ఆలయములు సుమారు 400 కలవని చెప్పుదురు. దినమునకు పదింటి చొప్పున చూచినను రెండువందల దినములు పట్టును. ఇవి గాక కోటలు, ఉద్యానవనములు, అంగళ్లు, నదీతీరములు కలవు. 1994లో యునెస్కో సంస్థ ప్రాచీన క్యోటోకు చెందిన 17 స్థలములను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ పదునేడింటిని మాత్రమే చూడబూనినను వారము దినములు పరుగుతోనే గడచిపోవును.

మొదటిసారి పోవువారు సాధారణముగా చేయు పని యొకటి కలదు. బొమ్మలు చూచి, నచ్చిన చోట్ల పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాసికొందురు. ఉదయము తూర్పున ఒక ఆలయము, మధ్యాహ్నము వాయవ్యమున ఒక మేడ, సాయంకాలము దక్షిణమున ఒక కొండ చూడబూనుదురు. వారము ముగియు నాటికి వారు అన్నింటికంటె ఎక్కువసేపు చూచినది బస్సు కిటికీయే యగును. నగరము ఎట్లు ఏర్పడినదో ముందుగా తెలిసికొన్నచో ఈ అవస్థ చాలవరకు తప్పును. క్యోటోకు పోవువానికి మొదటి గురువు పటమే.

కమ్ము చక్రవర్తి స్థలమును ఎన్నుకొనుటలో మిక్కిలి శ్రద్ధ వహించెను. తూర్పున, ఉత్తరమున, పడమట కొండలు, దక్షిణమున తెరపి. తూర్పు ప్రక్క కామోనది, పడమటి ప్రక్క కాత్సురానది. ఈ నడుమనున్న మైదానమున, ఆనాటి చైనా రాజధానియైన ఛాంగాన్ నగరమును నమూనాగా గైకొని, చదరంగపు పలకవలె వీధులను తీర్చిరి. అడ్డవీధులకు ఉత్తరము నుండి దక్షిణమునకు వరుసగా ఒకటవ వీధి, రెండవ వీధి అని సంఖ్యలే పేర్లు. ఇచిజో, నిజో, సాంజో, షిజో, గోజో అని సాగి తొమ్మిదవదియగు కుజోతో ఆ వరుస ముగియును. కావున జపాను భాషలో తొమ్మిది వరకు లెక్కింప నేర్చినవాడు తాను నగరములో ఎంత దూరము దక్షిణమునకు వచ్చెనో వీధి పేరును బట్టియే చెప్పగలడు. చిరునామాలలో సైతము ఉత్తరమునకు పోవుటను ఎక్కుట యనియు, దక్షిణమునకు పోవుటను దిగుట యనియు వ్రాయుదురు. కామోనది ఉత్తరము నుండి దక్షిణమునకు పారును గనుక, దారి తప్పినవాడు నది యొడ్డున నిలిచి నీటి వాలును చూచినను చాలును.

పటమును చూచు బాలురకు ఇచ్చట ఒక వింత కనబడును. నగరపు తూర్పు భాగమునకు సాక్యో, అనగా ఎడమ రాజధాని యనియు, పడమటి భాగమునకు ఉక్యో, అనగా కుడి రాజధాని యనియు పేర్లు. పటములో మాత్రము ఎడమ రాజధాని కుడి వైపునను, కుడి రాజధాని ఎడమ వైపునను ఉండును! చక్రవర్తి ఉత్తరమున కొలువుతీరి దక్షిణాభిముఖుడై కూర్చుండును. ఆయన ఎడమ చేయి తూర్పు, కుడి చేయి పడమర. ఆ పేర్లను పెట్టినవారు సింహాసనము నుండి చూచిరి. మనుజులు నేడు పటము నుండి చూచుచున్నారు.

ఇంకొక సంగతి. అంతకు పూర్వపు రాజధానియైన నారాలో బౌద్ధమఠములు రాజకార్యములలో జోక్యము చేసికొనునంతటి బలము సంపాదించినవి. ఆ అనుభవముచేత కమ్ము చక్రవర్తి నూతన నగరము లోపల దక్షిణ ద్వారమునకు ఇరుప్రక్కల రెండు ఆలయములను మాత్రమే నిర్మింపజేసెను. తక్కిన ఆలయములు కాలక్రమమున నగరము వెలుపల, ముఖ్యముగా కొండల పాదముల చెంత వెలసినవి. చూడదగిన స్థలములలో పెక్కు నేటికిని నగరము చుట్టును వలయమువలె నుండుటకు ఇదియొక కారణము. నడుమ నున్నది వ్యాపారస్థానము. వలయమున ఒక కొన నుండి ఎదుటి కొనకు పోవలెనన్న నగరమంతయు దాటవలెను. కనుక ఒక దినమునకు ఒక దిక్కు అను నియమమును పెట్టుకొనుటయే వారపు ప్రణాళికకు పునాది.

ఎప్పుడు పోవలెనన్నది తరువాతి ప్రశ్న. మార్చి చివరను, ఏప్రిల్ మొదటి దినములలోను సకురా పూలు విరియును. నవంబరు రెండవ సగమున మేపుల్ చెట్ల ఆకులు ఎఱ్ఱబారును. ఈ రెండు కాలములును అందమైనవే గాని అప్పుడు జనసమ్మర్దము మెండు; బసల వెలలు మింటి కెక్కును. జూన్ నుండి జూలై నడుమ వరకు వర్షములు. కొండల నడుమ గిన్నెవంటి పల్లమున నున్నందున ఎండకాలము ఉక్కపోతతోను, శీతకాలము ఎముకలు కొరుకు చలితోను ఉండును. మొదటిసారి పోవువానికి మే నెల నడిమి దినములు మేలు. ఏప్రిల్ చివరను, మే మొదటను జపానీయులకు వరుసగా వచ్చు సెలవులు అప్పటికి ముగియును; మే 15వ తేదీన ప్రాచీన కాలపు వేషములతో సాగు అఓయి ఉత్సవపు ఊరేగింపును చూడవచ్చును. ఎండకు వెరవనివాడు జూలై 17వ తేదీని ఎంచుకొనవచ్చును. ఆనాటి గియోన్ ఉత్సవము సంగతి ముందు వచ్చును.

విదేశము నుండి వచ్చువారు తరచుగా దిగునది ఒసాకా సముద్రశాఖలో కట్టిన కృత్రిమ ద్వీపముపై నున్న కాన్సాయ్ విమానాశ్రయము. అచ్చట నుండి క్యోటోకు రైలులో గంటంబావు ప్రయాణము. టోక్యో నుండి వచ్చువారికి షింకాన్సెన్ అను అతివేగపు రైలులో రెండుంబావు గంటలు పట్టును. బస విషయమున అందమునకంటె చోటు ముఖ్యము. నగరములో భూగర్భ రైలుమార్గములు రెండే కలవు. ఒకటి ఉత్తర దక్షిణములుగ, రెండవది తూర్పు పడమరలుగ సాగును. వీనిలో ఏదైన ఒక స్టేషనునకు నడచి పోగలిగినంత దూరములో బస చేసినచో దినమునకు గంటసేపైనను మిగులును. వారములో ఒక రాత్రి మాత్రము ర్యోకాన్ అను ప్రాచీన పద్ధతి సత్రమున గడపుట మంచిది. అచ్చట పాదరక్షలు వాకిట విడిచి, గడ్డితో అల్లిన తతామి చాపలపై పరుపు పరచుకొని నిద్రింపవలెను. చాపలు మన ఇండ్లకు క్రొత్త కావు గాని, గది కొలతను చదరపుటడుగులలో గాక ఇన్ని చాపలని చెప్పు ఆచారము క్రొత్తగా తోచును.

కొన్ని స్థలములకు ముందుగా అనుమతి కావలెను. నాచు పరచిన ఉద్యానమునకు ప్రసిద్ధి కెక్కిన సాయ్‌హోజీని చూడగోరువారు ముందుగా దరఖాస్తు చేసికొనవలెను. రాజకుటుంబమునకు చెందిన కాత్సురా విహారగృహమునకును అనుమతి పద్ధతి కలదు. చక్రవర్తుల పాత నగరు మాత్రము 2016 నుండి అనుమతి లేకయే చూడవచ్చును. సోమవారములందు దానికి సెలవు. ఇట్టి చిన్న సంగతి తెలియక గేటు వరకు పోయి తిరిగివచ్చువారు ప్రతి సోమవారము నుందురు.

ఇక దినముల వరుస. మొదటి దినము ప్రయాణపు బడలిక యుండును గనుక దూరము పోరాదు. స్టేషను నుండి పావుగంట నడచినచో తోజీ, అనగా తూర్పు ఆలయము వచ్చును. కమ్ము చక్రవర్తి అనుమతించిన రెండు ఆలయములలో పడమటిది కాలగర్భమున గలిసినది; ఇది నిలిచినది. దీని అయిదంతస్తుల గోపురము సుమారు 55 మీటర్ల యెత్తు. జపానులోని దారుగోపురములలో నింత యెత్తైనది లేదు. పలుమారులు అగ్నికి ఆహుతియై తిరిగి లేచిన ఈ గోపురము నేటి రూపమున 1644లో కట్టబడినది.

భారతీయుడైన యాత్రికునకు ఈ ఆలయములోని ఉపన్యాస మందిరమున ఒక ఆశ్చర్యము వేచియుండును. 9వ శతాబ్దిలో నెలకొల్పిన విగ్రహముల నడుమ నాలుగు ముఖములు గల మూర్తి యొకటి హంసలపై అధిష్ఠించియుండును. వేరొక మూర్తి యేనుగునెక్కి యుండును. మొదటిది బోన్‌తెన్, అతడే బ్రహ్మ. రెండవది తాయ్‌షకుతెన్, అతడే ఇంద్రుడు. బౌద్ధముతో కూడి మధ్య ఆసియా, చైనా, కొరియాల మీదుగా ఈ దేవతలు జపానుకు చేరిరి. 823లో చక్రవర్తి ఈ ఆలయమును కూకై అను ఆచార్యుని కప్పగించెను. అతడు చైనాలో చదివి, సిద్ధం అను భారతీయ లిపిలో మంత్రములను వ్రాయుట నేర్చి వచ్చినవాడు. అతడు స్థాపించిన షింగోన్ సంప్రదాయపు గురుపరంపరలో మూడవవాడు నాగార్జునుడు. కృష్ణాతీరమున నాగార్జునకొండ ఆ ఆచార్యుని పేరనే ప్రసిద్ధమైనది. జపాను అక్షరమాలను ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ అని మొదలిడి ‘క, స, త, న’ అని చదువు క్రమము సిద్ధం లిపి అధ్యయనము వలననే ఏర్పడినదని భాషావేత్తలు చెప్పుదురు. తెలుగు పలకపై అక్షరములు దిద్దినవానికి ఆ క్రమము పరాయిదిగా తోచదు. ప్రతి నెల 21వ తేదీన ఈ ఆలయ ప్రాంగణమున పెద్ద సంత జరుగును. ఆ తేదీ తన వారములో పడునేమో యాత్రికుడు ముందే చూచుకొనవలెను.

రెండవ దినము తూర్పు కొండకు, అనగా హిగాషియామాకు. కియోమిజు ఆలయము తలుపులు ఉదయము ఆరు గంటలకే తెరతురు. పది గంటలకు ఆ దారి తిరునాళ్లవలె నుండును. ఆరు గంటలకు చీపురు చప్పుడు వినబడును. ఒకే స్థలము రెండు వేళలలో రెండు లోకములు. కొండవాలున పెద్ద దూలములను ఒకదానిలో నొకటి కూర్చి, మేకులు లేకుండ 13 మీటర్ల యెత్తున నిలిపిన చెక్క వేదిక ఈ ఆలయపు ప్రత్యేకత. ఆలయము 778లో స్థాపితమైనదైనను ఇప్పటి కట్టడము 1633 నాటిది. సాహసించి ఒక పనికి పూనుకొనుటను జపానీయులు కియోమిజు వేదికపై నుండి దూకుట యందురు. అచ్చట నుండి రాతి మెట్ల వీధుల వెంట ఉత్తరముగా దిగివచ్చినచో యసాకా ఆలయము, దాని ముంగిట గియోన్ పేట.

గియోన్ అను పేరు వినుటకు జపానీయముగ నున్నను దాని పుట్టుక భారతభూమియే. శ్రావస్తీ నగరమున బుద్ధునకు అనాథపిండికుడు సమర్పించిన జేతవనమును జపానీయులు గియోన్ అని పిలుచుదురు. 869లో దేశమున అంటురోగములు ప్రబలినప్పుడు శాంతికై చేసిన క్రతువే గియోన్ ఉత్సవమునకు మొదలు. నేడది జూలై నెలయంతయు సాగును; 17వ, 24వ తేదీలలో బ్రహ్మాండమైన రథములను వీథులలో లాగుదురు. రథచక్రములు ప్రక్కకు తిరుగవు. వీథి మలుపున వెదురు బద్దలను పరచి, నీరు చల్లి, రథము మొత్తమును త్రాళ్లతో ప్రక్కకు జార్చి త్రిప్పుదురు. పూరీ రథమును చూచినవారికి ఆ కేకలును, ఆ త్రాళ్ల బిగువును చిరపరిచితములు.

ఈ పేటలోనే యాత్రికునకు ఒక పరీక్ష కలదు. సంగీత నృత్యములు వృత్తిగా గల గెయికోలును, ఆ విద్యను అభ్యసించు మాయికో బాలికలును సాయంకాలము తమ పనికై ఇక్కడి సందులలో నడచిపోవుచుందురు. వారిని వెంబడించి, దారి కడ్డము నిలిచి, దుస్తులు పట్టి లాగి ఛాయాచిత్రములు తీసినవారు పలువురు. పేటవాసులు విసిగి 2019లో సొంత సందులలో చిత్రములు తీయుటను నిషేధించిరి. 2024లో అట్టి సందులలోనికి యాత్రికులు రాకుండ పలకలు కట్టి, అతిక్రమించినచో 10,000 యెన్‌లు దండుగ యని ప్రకటించిరి. బస్సుల విషయమును ఇట్టిదే. పెట్టెలు మోసికొని ఎక్కు యాత్రికులచే బస్సులు నిండి, ఆసుపత్రికి పోవలసిన వృద్ధులు ఎక్కలేక నిలిచిపోవు స్థితి వచ్చెను. నగరపాలకులు బస్సులకు మాత్రమే చెల్లు చవుక దినపు టికెట్టును 2023లో అమ్మకము మానిపించి, మరుసటి ఏడు రద్దుచేసిరి. నగరవాసుల కోపము అకారణము కాదు. వేయేండ్లుగా వారు నివసించుచున్న ఇల్లు అది. యాత్రికుడు భూగర్భ రైలును, తన కాళ్లను నమ్ముకొని, పెద్ద పెట్టెలను బసయందు విడిచినచో ఆ భారము కొంత తగ్గును.

మూడవ దినము ఈశాన్యమునకు. నాన్‌జెంజీ అను ఆలయపు ఆవరణలో ఎఱ్ఱ ఇటుకల కమానులపై నీటి కాలువ పోవుచుండును. ప్రాచీనాలయమున ఇదియేమి అని వచ్చినవారు తెల్లబోవుదురు. ఆ కాలువ కథ తెలియనిచో ఈ నగరము సగమే తెలియును. 1869లో చక్రవర్తి వెడలిపోగా ఆయనతో కొలువువారును, వారిని నమ్ముకొన్న వర్తకులును, పనివారును తరలిపోయిరి, జనసంఖ్య తగ్గెను, నగరము పాడుపడునని పలువురు భయపడిరి. అప్పుడు బీవా సరస్సు నీటిని కొండలను తొలిచి నగరమునకు తెచ్చుటకు పూనిరి. ఆ పనికి నియమింపబడిన తనాబె సాకురో అప్పుడే కళాశాల విడిచిన యువకుడు. విదేశీ యింజనీర్ల పెత్తనము లేకుండ జపానీయులే త్రవ్విన ఆ కాలువ 1890లో ముగిసినది. మరుసటి సంవత్సరమే ఆ నీటితో కెఆగె యను చోట విద్యుత్తు పుట్టించిరి. ఆ విద్యుత్తుతో మగ్గములు నడచినవి. 1895లో జపానులో మొట్టమొదటి విద్యుత్ ట్రాము క్యోటో వీథులలో పరుగెత్తినది. రాజు పోయిన నగరము నీటితో బ్రదికినది.

ఈ కాలువ శాఖ యొక్క గట్టు వెంటనే తత్త్వవేత్తల బాట యను కాలిదారి కలదు. క్యోటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నిషిదా కితారో ఆలోచనలో మునిగి ఈ దారిని నడచెడివాడట. సుమారు రెండు కిలోమీటర్లు నడచినచో గింకకుజీ, అనగా రజతాలయము వచ్చును. పేరే గాని దానిపై వెండి లేదు, ఏనాడును పూయలేదు. 15వ శతాబ్దిలో దానిని కట్టించిన అషికాగా యోషిమాసా కాలముననే, 1467 నుండి 1477 వరకు, సైన్యాధిపతులు ఒకరితో నొకరు పోరి నగరమును భస్మము చేసిరి. ఊరు మండిన తరువాత కొండ క్రింద కూర్చుండి తేనీటి విందులకు, ఉద్యానములకు రూపము దిద్దిన ఆ ప్రభువును మెచ్చుకొనవలెనో నిందింపవలెనో చరిత్రకారులు నేటికిని తేల్చలేదు.

నాలుగవ దినము వాయవ్యమునకు. కింకకుజీ అను స్వర్ణాలయము చెరువునొడ్డున బంగారు రేకుతో మెరయుచుండును. 1397లో యోషిమిత్సు అను ప్రభువు విహారగృహముగా దీనిని కట్టించెను. చూచువారు దీనిని ఆరువందల యేండ్ల కట్టడమని తలతురు. కాని 1950లో ఆ మఠములో చదువుకొనుచున్న యువభిక్షువొకడు నిప్పుపెట్టగా మేడ బూడిదయైనది. ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టినది. అట్లయిన అది పాతదా, క్రొత్తదా? కొయ్యతో కట్టిన నగరమున ఈ ప్రశ్న అడుగడుగునను ఎదురగును. 1788లో ఒక పెను మంట, 1864లో మరియొకటి నగరమున చాల భాగమును కాల్చినవి. ప్రతిసారియు వడ్రంగులు పాత కొలతలను, పాత కూర్పులను అనుసరించి మరల నిలిపిరి. ఇచ్చట ప్రాచీనమైనది దూలము గాదు, దూలమును కూర్చు విద్య.

అన్నింటికంటె పెద్ద మంట మాత్రము క్యోటోను తాకక పోయినది. 1945లో అమెరికా సైన్యాధికారులు పరమాణుబాంబు వేయుటకు ఎంచిన నగరముల పట్టికలో క్యోటో మొదటి వరుసలో నుండెను. ఆ దేశపు యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ పూర్వము, 1920ల దశకమున, ఈ నగరమును చూచియుండెను. ఇది జపానీయుల ప్రాచీన రాజధాని, కళలకు నిలయము. దీనిని నాశనము చేసినచో ఆ జాతి కోపము యుద్ధానంతరము కూడ ఆరదని ఆయన వాదించెను. సైన్యాధికారులు మరల మరల పేరు చేర్చినను తీసివేయించి, అధ్యక్షుడు ట్రూమన్‌ను ఒప్పించెను. పట్టికలో క్రొత్తగా చేరిన పేరు నాగసాకి. ఆగస్టు 9వ తేదీన అచ్చట ఏమి జరిగినదో లోకమెరుగును. క్యోటో వీథులలో చిన్న బాంబుదాడులు జరిగినను నగరము నిలిచినది. స్వర్ణాలయపు చెరువు గట్టున నిలుచున్నవానికి ఈ సంగతి కూడ తెలిసియుండవలెను.

అచ్చటికి చేరువనే రియోఆంజీ కలదు. తెల్లని కంకరపై పదునైదు రాళ్లు. ఎచ్చట కూర్చుండి చూచినను ఒక్క రాయి యైనను మరుగుపడునట్లు వానిని అమర్చిరి. దాని భావమును కట్టినవారు వ్రాసి పెట్టలేదు. ఇచ్చట అరగంట మౌనముగ కూర్చుండుటకు సమయము లేనిచో అసలు పోకుండుటయే మేలు. ఆ దరినే ఎక్కదగిన చిన్న విద్యుత్ రైలు పడమటి కొనయందలి అరాషియామాకు చేర్చును. వెదురు తోపును, కాత్సురానదిపై వంతెనను చూచి ప్రొద్దు గ్రుంకువేళకు మరలవచ్చును.

అయిదవ దినమును నగర మధ్యమునకు ఉంచుకొని, వాన వచ్చిన నాటికి మార్చుకొనుట తెలివి. అచ్చటివి ఎక్కువగా కప్పు క్రింద చూడదగినవి. 1603లో తోకుగావా ఇయెయాసు కట్టించిన నిజో కోటలో నడవల నేలబల్లలు అడుగు మోపగనే పిట్టవలె కిచకిచలాడును. 1867లో ఆ వంశపు చివరి షోగన్ పాలనాధికారమును చక్రవర్తికి మరల నొప్పగించు సంగతిని ఈ కోటలోనే వెల్లడించెను. ఆ పిమ్మట నిషికి అంగడి. నాలుగువందల మీటర్ల ఇరుకు వీథిలో నూటికి పైగా దుకాణములు. ఊరగాయలు, ఎండుచేపలు, సోయా పాల మీగడ, కత్తులు. నడచుచు తినరాదని అచ్చట పలకలు కట్టియుందురు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. మాంసము వలదన్నంత మాత్రమున చాలదు. జపాను వంటలలో చారునకు, కూరలకు ఆధారమైన దాషి యను రసమును తరచుగా ఎండుచేప తురుముతో కాచుదురు. పైకి అది కనబడదు. బౌద్ధభిక్షువుల పద్ధతిలో వండు షోజిన్ ర్యోరి యను భోజనము నిశ్చింతగా తినదగినది. అందులో చేప లేదు, మాంసము లేదు. ఉల్లియు వెల్లుల్లియు కూడ ఉండవు. నాన్‌జెంజీ దగ్గర వేడినీట ఉడికించిన తోఫును వడ్డించు భోజనశాలలకు పాత పేరు కలదు. ఇచ్చట వడ్డించినవారికి బహుమానముగ డబ్బు విడిచిపోవు ఆచారము లేదు. ఇచ్చినచో మరచిపోయితివని వెంట పరుగెత్తి తెచ్చి యిత్తురు.

ఆరవ దినము దక్షిణమునకు. ఫుషిమి ఇనారి, ఉజీ, నారా ఈ మూడును ఒకే రైలుమార్గముపై వరుసగా నున్నవి. ఇనారి ధాన్యదేవత, నక్క ఆ దేవతకు దూత. భక్తులు సమర్పించిన సుమారు పదివేల ఎఱ్ఱని తోరణములు కొండపై దారిని సొరంగమువలె కప్పియుండును. అచ్చటికి రాత్రింబవళ్లు పోవచ్చును, రుసుము లేదు; కనుక తెల్లవారుజామున దానిని ముగించుకొని రైలెక్కవలెను. ఉజీలో 1053 నాటి బ్యోదోఇన్ మందిరమును జపాను పది యెన్‌ల నాణెముపై చూడవచ్చును. నారాలో సుమారు 15 మీటర్ల కంచు బుద్ధుడు కలడు. 752లో ఆ విగ్రహమునకు కన్నులు దిద్ది ప్రాణప్రతిష్ఠ చేసినవాడు భారతదేశము నుండి సముద్రము దాటి వచ్చిన బోధిసేనుడను భిక్షువు. ఉజీ, నారాలలో ఒకదానినే ఎన్నుకొనవలెను. భారతీయుడు నారాను విడువరాదు.

ఏడవ దినమునకు కాగితముపై ఏమియు వ్రాయరాదు. వానచేతనో, కాలినొప్పిచేతనో చూడక విడిచినది ఏదో యొకటి తప్పక ఉండును. అట్టిది లేనిచో నచ్చిన ఆలయమునే మరియొక వేళ చూడవచ్చును. రెండును వలదన్నవాడు నగరపు ఉత్తర భాగమున కామోనదిలో తకానోనది కలియు చోటికి పోవును. అచ్చట నీటి కడ్డముగా పెద్ద రాళ్లు వరుసగా వేసియుందురు. కొన్ని తాబేటి ఆకారమున నుండును. బడి విడిచిన పిల్లలు ఒక రాతి నుండి మరియొక రాతికి దూకుచు ఆవలి యొడ్డు చేరుదురు. విద్యార్థులు గట్టున కూర్చుండి చదువుకొందురు. ముసలివారు కుక్కలను నడిపింతురు. రుసుము లేదు, వరుసలు లేవు. పెట్టెలను ఉదయముననే స్టేషనులోని సామానుగదిలో భద్రపరచి వచ్చినవాడు, రైలు వేళకు గంటన్నర ముందుగా ఆ గట్టు నుండి లేచినచో చాలును.